వెనక బెంచీలో కూర్చున్నది మొద్దులు కాదు

"మీవాడికి ఏం చెప్పినా ఎక్కదమ్మా, వెనక బెంచీ బ్యాచ్." పేరెంట్ మీటింగులో ఈ మాట విని తల దించుకొని వచ్చే తల్లులు మన వికారాబాద్, తాండూరుల్లో తక్కువేం లేరు. ఈ మాట మీదే నా కోపమంతా. ఎక్కనిది పిల్లల బుర్రకా, లేక ఎక్కించే పద్ధతిలోనే లోపముందా?

తాండూరు సంగతే చూడండి. కర్ణాటక పొలిమేరలో ఉన్న ఊరు. అమ్మను 'యాడి' అని పిలిచే తండా పిల్ల, 'అవ్వ' అనే కన్నడ ఇంటి పిల్లాడు, 'అమ్మీ' అనే ఉర్దూ ఇంటి పిల్ల ఒకే తరగతిలో కూర్చుంటారు. ఇంట్లో ఒక భాష, బజార్లో తెలుగు. 2022-23 నుంచి సర్కారు బళ్లలో ఇంగ్లీష్ మీడియం కూడా వచ్చింది. ఆరేళ్ల పిల్ల మూడు భాషల మధ్య నోరు తెరవలేక నిలబడితే 'మొద్దు' అని పేరు పెట్టేస్తారా? టీచరమ్మకు రాని భాష ఒకటి ఆ పిల్లకు వచ్చు కదా!

బి.ఏ.లో తెలుగు చదివినదాన్ని, తెలుగంటే ప్రాణం. అయినా చెప్తున్నా, తండా పిల్లకు తెలుగు రావాలంటే ముందు తన లంబాడీ మాటను బడిలో పలకనివ్వాలి. "దీన్ని మీ ఇంట్లో ఏమంటారు?" అని రోజుకొక్కసారి అడిగినా చాలు, ఆ పిల్లకు ధైర్యం వస్తుంది.

ఇది నా చాదస్తం కాదు. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 29వ సెక్షన్ వీలైనంత వరకు మాతృభాషలో, భయం లేకుండా చదువు చెప్పమంది. అందరి ముందు తక్కువ మార్కులు చదివి నవ్వించడం వేధింపు కాకపోతే మరేమిటి?

"నలభై మందిని ఒక్కదాన్ని ఎట్లా చూసుకోను?" అంటారు టీచర్లు. న్యాయమైన మాటే. ప్రైమరీలో ముప్పై మందికి ఒక టీచర్ ఉండాలని ఆ చట్టమే చెప్తోంది. ఆ పోరాటంలో తల్లులమూ మీ పక్కనే నిలబడతాం. కానీ వారానికోసారి బెంచీలు మార్చడానికి ఏ జీవో కావాలి? మొదటి ప్రశ్న చివరి వరుసను అడగడానికి ఏ నిధులు కావాలి? పత్తి ఏరే రోజుల్లో బడి మానేసి తిరిగొచ్చిన పిల్లకు తిట్లకు బదులు, తప్పిన పాఠం చెప్పే ఒక జోడీని ఇవ్వలేరా? చెవులు సరిగా వినపడని పిల్లాడిని ముందు కూర్చోబెట్టి, బోర్డు వైపు కాకుండా వాడి వైపు తిరిగి చెప్పలేరా?

ఇక మనం. ఈసారి మీటింగుకు పోయినప్పుడు మార్కుల సంగతి తర్వాత అడుగుదాం. ముందు, "ఈ వారం మా బిడ్డ క్లాసులో ఎన్నిసార్లు నోరు విప్పింది?" అని అడుగుదాం. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవొద్దు.