పంఖా గోల చేస్తే పంఖానే మార్చాలా?

పాత కారు రేడియేటర్ ఫ్యాను గోల చేస్తోందని వెళ్తే ఈ మధ్య అన్ని చోట్లా వినిపించే జవాబు ఒక్కటే: "సెట్టు మార్చేద్దాం సాబ్." మోటారు, రెక్కలు, చుట్టూ ప్లాస్టిక్ చట్రం అన్నీ కలిపి ఒక డబ్బాలో వస్తాయి. పాతది విప్పి కొత్తది బిగించి పంపేస్తారు. గోల పోతుంది, జేబూ ఖాళీ అవుతుంది. దీనికి మెకానిక్‌లను తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. నన్నడిగితే అసలు కుసూర్ బండి యజమానులదే.

రామచంద్రపురం 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లాలో కలిసింది గానీ, పెద్దాసుపత్రి అంటే ఇక్కడివాళ్లకు ఇప్పటికీ కాకినాడే. సుమారు 30 కిలోమీటర్లు. డయాలసిస్‌కి అబ్బాజాన్‌ని, కాన్పుకి కూతుర్ని తీసుకెళ్లేది చాలా ఇళ్లలో పాత మారుతి 800 లేదా ఓమ్నీయే. 800 తయారీ 2014లో, ఓమ్నీ తయారీ 2019లో ఆగిపోయాయి. 15 ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 కాస్తా 5,000 అయింది. అంత కట్టి మరీ పాత బండి ఉంచుకున్నారంటే అది షౌక్ కాదు, మజ్బూరీ. కాబట్టి ఈ పంఖా సంగతి చిన్నది కాదు.

బండి పరుగెడుతున్నంతసేపు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. పంఖాతో పని పడేది బండి నిలబడ్డప్పుడే: రైల్వే గేటు, సంత రద్దీ, ఆసుపత్రి ముందు క్యూ. నీళ్లు బాగా వేడెక్కగానే చిన్న స్విచ్ ఒకటి మోటారుకి కరెంటు వదులుతుంది. అందుకే ఈ గోల రోడ్డుమీద వినపడదు, ఇంటిముందు ఆపాక వినపడుతుంది.

ఇక గోలలన్నీ ఒకటి కావు. ఫ్యాను మొదలైనప్పుడు కీచుమని, కాసేపటికి తగ్గిపోతే చాలావరకు బుష్ ఎండిపోయినట్టు. ఆ బుష్ తన లోపలే కొంచెం నూనె దాచుకునే లోహం. ఏళ్ల తరబడి వేడికి ఆ నూనె ఆరిపోతుంది. ఆగకుండా గరగరమంటే బుష్ గానీ బేరింగ్ గానీ అరిగినట్టు. టపటపమంటే రెక్క చట్రానికి తగులుతోందని. బండంతా వణికితే ఒక రెక్క విరిగి తూకం తప్పిందని. ఒకసారి తిరిగి ఇంకోసారి మొరాయించి, మోటారుని తడితే మళ్లీ కదిలితే కార్బన్లు అయిపోవచ్చాయి. ఉత్త హోరు మాత్రమే ఉంటే అది గాలి చప్పుడు, దాన్ని వదిలేయండి. అంబాసిడర్ ఇంకా ఉంచుకున్న షౌకీన్‌లకు లెక్క వేరు. అందులో పంఖా నీళ్ల పంపుకే బిగించి ఉంటుంది, బెల్టుతో తిరుగుతుంది. అక్కడ గోల అంటే ముందు పంపు బేరింగ్‌ని అనుమానించాలి. అది బాగా వదులైతే పంఖా వెళ్లి రేడియేటర్‌నే కోసేస్తుంది.

చెయ్యి పెట్టి చూడాలనుకుంటే ఇంజను పూర్తిగా చల్లారనివ్వండి, బ్యాటరీ తీగ తీసేయండి. కొన్ని బళ్లలో తాళం తీశాక కూడా పంఖా తనంతట తానే తిరుగుతుంది, వేళ్లు పోతాయి. వేడిమీద రేడియేటర్ మూత మాత్రం ఎవరు చెప్పినా తెరవొద్దు.

మా డెల్టాలో ఇంకో తమాషా ఉంది. కోతలప్పుడు ధాన్యం రోడ్డుమీదే ఆరబోస్తారు. ఆ పొట్టు, గడ్డి, దుమ్ము అంతా రేడియేటర్ సందుల్లో కూరుకుపోతుంది. గాలి ఆడదు, నీళ్లు చల్లారవు, పంఖా ఊపిరి తీసుకోకుండా తిరిగి తిరిగి ముందే అరిగిపోతుంది. పైగా కూలెంట్ బదులు ఉప్పు బోరు నీళ్లు పోస్తారు, లోపల పొర కట్టేస్తుంది. అలాంటి బండికి కొత్త సెట్టు వేసినా రెండు సీజన్లకు మళ్లీ అదే కథ.

అన్నిటికన్నా జులుం ఏమిటంటే గోల ఆపడానికి వైరు పీకెయ్యడం. మా బంధువుల ఓమ్నీకి ఒక షెడ్డులో అదే చేశారు. "ఇప్పుడు చప్పుడు లేదు కదా భాయ్" అన్నాడట. మే నెల ఎండలో ట్రాఫిక్‌లో నిలబడ్డ బండి మరిగి హెడ్ గ్యాస్కెట్ పోయింది. లోపల షుగర్ ఉన్న ఖాలా కూర్చుని ఉంది.

సరైన మరమ్మతు ఎక్కడ దొరుకుతుంది? చాలాసార్లు కారు షెడ్డులో కాదు, రైతుల పంపుసెట్లు చుట్టే మోటార్ వైండింగ్ దుకాణంలో. మోటారు విప్పి, బుష్ కొత్తది దింపి, కార్బన్లు మార్చి, షాఫ్టు నిటారుగా ఉందో లేదో చూసి ఇస్తాడు. వేలల్లో అయ్యేది వందల్లో తేలుతుంది. విప్పడానికి వీల్లేకుండా సీలు చేసిన మోటార్లూ ఉన్నాయి, వైండింగ్ కాలిపోయినవీ ఉన్నాయి. వాటికి సెట్టు మార్చడమే ఇన్సాఫ్. ఆ తేడా విప్పి చూసినవాడు చెప్పాలి, విప్పకుండా చెప్పకూడదు. తుప్పు వదిలించే స్ప్రే కొడితే నాలుగు రోజులు సుకూన్. ఆ తర్వాత మిగిలిన నూనె కూడా కడుక్కుపోయి గోల రెట్టింపవుతుంది.

మరి ఈ పని చేసే ఉస్తాద్‌లు ఎందుకు తగ్గిపోతున్నారు? వాళ్లకి మనం ఏం ఇస్తున్నామో చూడండి. సెట్టు మారిస్తే బిల్లు చూపించి తీసుకుంటారు, ఎవరూ నోరెత్తరు. అదే ఉస్తాద్ గంటసేపు చెవి పెట్టి విని, బుష్ ఒక్కటి మార్చి మజూరీ అడిగితే "ఇంత చిన్న ముక్కకి అంతా?" అని బేరం. షోరూంలో ఏసీ గదిలో కూర్చుని లేబర్ ఛార్జీ కిమ్మనకుండా కట్టే సాహెబులే ఇక్కడ యాభై రూపాయలకి బహస్ చేస్తారు. హునర్‌కి ఖీమత్ లేనప్పుడు అతను కూడా డబ్బాలు అమ్మడం నేర్చుకుంటాడు. నేర్చుకున్నాడు కూడా.

ఇది మన ఇళ్ల మాట కూడా. ముస్లింలు వాహన మరమ్మతు లాంటి సొంత పనుల్లో ఎక్కువగా ఉన్నారని 2006లో సచార్ కమిటీ రాసింది. మరమ్మత్ అనే లఫ్జ్ ఉర్దూ ద్వారా తెలుగులోకొచ్చి మరమ్మతు అయింది. ఆ పని తెలిసినవాడి కొడుకు మాత్రం షాగిర్ద్‌గా కూర్చోనంటున్నాడు. ఎందుకు కూర్చుంటాడు? బాప్ రోజంతా గ్రీజులో మునిగి, సాయంత్రం బేరాలకు తల వంచడం చూశాడు కదా.

ఈసారి పంఖా గోల చేస్తే ఉస్తాద్‌కి ముందే చెప్పండి: విప్పి చూడు, చూసినందుకు విడిగా పైసలిస్తాను, మార్చాల్సొస్తే పాత ముక్క నాకు చూపించు. చూసినందుకు ఎంతని అడిగితే "అదేముంది సాబ్, మీ ఇష్టం" అంటాడు. ఆ మాట పట్టుకుని చేతిలో ఇరవై పెట్టి రాకండి.