మస్టరు రోలు చదివిన పల్లె

నిర్మాణ పనులతో సంబంధమున్న మన సిబ్బందికి మస్టరు రోలు, మెజర్‌మెంట్ బుక్కు, ఓచరు నిత్యం చేతిలో మెదిలే కాగితాలు. ఎవరెవరు ఎన్ని రోజులు పనిచేశారో మొదటిది చెబుతుంది. ఎంత పని జరిగిందో రెండవది, సామగ్రికి ఎంత వెచ్చించారో మూడవది చెబుతాయి. వాటిలో వ్రాసినది నిజమా కాదా అని ప్రశ్నించే అవకాశం చాలాకాలం పై అధికారికీ, ఆడిటరుకూ మాత్రమే ఉండేది. ఆ పనిలో చెమటోడ్చిన కూలీకి లేదు. ఈ స్థితిని మార్చడానికి పల్లెప్రజలతో కలసి నడచిన అరుణా రాయ్ ప్రస్థానం ఇంజనీర్లమైన మనం తెలుసుకోదగినది.

1946లో మద్రాసులో జన్మించిన ఆమె ఢిల్లీలో ఆంగ్ల సాహిత్యం చదివి, 1968లో ఐ.ఏ.ఎస్.లో ప్రవేశించారు. కొన్నేళ్ళకే ఆ పదవిని వదలి, రాజస్థాన్‌లోని అజ్మీర్ జిల్లా తిలోనియా గ్రామానికి వెళ్ళారు. ఆమె భర్త సంజిత్ రాయ్ 1972లో నెలకొల్పిన గ్రామీణ సేవాసంస్థ అక్కడ పనిచేస్తుండేది. 1983 వరకు ఆమె అందులో ఉన్నారు.

ఆ సంవత్సరమే సంజిత్ రాయ్ దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు నిచ్చింది. కరవు సహాయం క్రింద జరిగిన ఒక రోడ్డు పనిలో కూలీలను జట్లుగా విభజించి, జట్టు చేసిన పనిని కొలిచి, ఆ కొలతను బట్టి కూలి చెల్లించేవారు. ఫలితంగా రోజుకు 7 రూపాయల కనీస వేతనం కూడా చాలామందికి దక్కలేదు. కరవు పని అయినంత మాత్రాన కనీస వేతనం తగ్గించరాదని న్యాయస్థానం స్పష్టం చేసింది. టేపు పట్టి కొలిచేటప్పుడు మనం అంకెలనే చూస్తాము. ఆ అంకె వెనుక ఒక ఇంటి పొయ్యి ఉన్నదని ఆ తీర్పు గుర్తుచేస్తుంది.

1987లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ మరికొందరు దేవ్‌డుంగ్రీ అనే చిన్న పల్లెకు చేరి, ఇరుగుపొరుగు వారి వలెనే మట్టి ఇంట్లో నివసించసాగారు. 1990 మే 1న మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఏర్పడింది. కనీస వేతనం అడిగిన కూలీలకు అధికారుల నుండి వచ్చిన సమాధానం ఒక్కటే: "మీరు కొలత ప్రకారం పని చేయలేదు." అయితే ఆ కొలత చూపమంటే, అవి ప్రభుత్వ రహస్యాలనేవారు. కూలి కోసం మొదలైన పోరాటం కాగితం కోసం పోరాటంగా మారినది అక్కడే.

1994 డిసెంబరులో కోట్ కిరానాలో తొలి జన్ సున్వాయీ, అనగా ప్రజావిచారణ జరిగింది. సంపాదించిన రికార్డులను ఊరందరి ఎదుట బిగ్గరగా చదివారు. అటువంటి విచారణలలో పనికి రాని వారి పేర్లు మస్టరులోనూ, పూర్తికాని కట్టడాలు పూర్తయినట్లు లెక్కలలోనూ బయటపడ్డాయి. అక్షరం రానివారు కూడా తమ పేరు విని, తాము ఆ పనికి పోలేదని సాక్ష్యం చెప్పగలిగారు. 1996లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా జరిగింది. 2000లో రాజస్థాన్ శాసనం, 2005లో కేంద్ర సమాచార హక్కు చట్టం వచ్చాయి.

ఆ ఉద్యమంలో పుట్టిన పద్ధతి మన ప్రాంతానికీ చేరింది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పనులపై సామాజిక తనిఖీని చేపట్టింది. గ్రామసభలో మస్టరు చదవడం అందులో ముఖ్యాంశం.

2005 చట్టం పౌరునికి కాగితాల నకళ్ళు మాత్రమే కాక, జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కునూ, వాడిన సామగ్రి నుండి ధ్రువీకరించిన నమూనా పొందే హక్కునూ ఇచ్చింది. మన సంస్థ వంటి ప్రభుత్వరంగ సంస్థలూ దాని పరిధిలోనివే. దీనిని అదనపు బెడదగా భావించే సహోద్యోగులు ఉండవచ్చు. కాని ఒత్తిడికి లొంగక ఉన్నది ఉన్నట్లు వ్రాసే సైటు ఇంజనీరుకు ఇంతకు మించిన అండ లేదు. నలుగురూ చూడబోయే పుస్తకంలో తప్పుడు కొలత వ్రాయమని అడగడానికి ఎవరైనా జంకుతారు.

అందరూ ఉద్యోగాలు వదలి పల్లెలకు వెళ్ళలేరు, వెళ్ళనవసరమూ లేదు. ఉద్యోగంలో ఉన్నవారు చేయవలసిన పని ఉద్యోగంలోనే ఉన్నది. కొలత పుస్తకంపై సంతకం చేసే ముందు, దానిని ఆ కూలీ ఎదుట చదివి వినిపించగలమా అని ఒక్కసారి ప్రశ్నించుకుంటే చాలు.