ఏడుపు దిగమింగితే చదువు తలకెక్కుతుందా?



"ఏడుపు ఆపి పుస్తకం తియ్యి." పిల్లలతో ఈ మాట అనని ఇల్లు మన పేటలో ఉండదేమో. నేనూ అన్నాను. అది పొరపాటని ఇప్పుడు నా అభిప్రాయం.

2021 చివర్లో మిరపకు నల్ల తామరపురుగు పట్టి మన చుట్టుపక్కల చేలు పాడైన రోజులవి. వార్డులో శిక్షణ పొందుతున్న ఒక అమ్మాయిని చిన్న లెక్క అడిగాను. సీసాలో 5 మిల్లీలీటర్లలో 500 మిల్లీగ్రాముల మందు ఉంది. రోగికి 300 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే ఎంత తీయాలి? తరగతిలో ఇలాంటివి ఇట్టే చెప్పే పిల్ల, సిరంజి పట్టుకుని నిలబడిపోయింది. కళ్లనిండా నీళ్లు. "ఏడుపు తర్వాత, ముందు లెక్క చెప్పు" అని గద్దించాను. "6 మిల్లీలీటర్లు" అంది. సీసాలో ఉన్నదే 5!

మందు నేనే తీసి ఇచ్చాను. తర్వాత ఆ పిల్లను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి అడిగితే, నాన్న పంట పోయిందని, ఫీజు ఎలా కడతారోనని చెప్పి ఏడ్చింది. కాసేపటికి తనే "3 మిల్లీలీటర్లు, మేడమ్" అంది.

మన బుర్ర ఒకేసారి పట్టి ఉంచగలిగేది కొంచెమే. లెక్కకు కావలసిన చోటునే దిగులూ ఆక్రమిస్తుంది. పైగా ఏడుపు ఆపుకోవడం కూడా బుర్రకు ఒక పనే. అమెరికాలో రిచర్డ్స్, గ్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇదే తేలింది. భావాన్ని పైకి కనపడకుండా అణచుకున్నవారికి అప్పుడు విన్న వివరాలు తక్కువగా గుర్తున్నాయి. చూస్తున్న విషయాన్ని మరో విధంగా ఆలోచించుకున్నవారికి ఆ నష్టం కలగలేదు.

"గారాబం చేస్తే చదువుతారా?" అని మీరు అడగవచ్చు. నేను చెప్పేది గారాబం కాదు. పది నిమిషాలు వినండి. భయాన్ని కాగితంమీద రాసుకోమనండి. గుండె దడదడలాడితే, ఒళ్లు పరీక్షకు సిద్ధమవుతోందని చెప్పండి. ఆ తర్వాత పుస్తకం తీయమనండి. హాస్టల్‌కు ఫోన్ చేసినప్పుడు మార్కులకంటే ముందు "ఎలా ఉన్నావమ్మా?" అని అడగండి.

బిడ్డ తిండి, నిద్ర మానేసినా, బతకాలని లేదన్నా ఒంటరిగా వదలకండి. వెంటనే డాక్టరుగారికి చూపించండి. ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ రోజు నేను గద్దించకుండా ముందే అడిగి ఉంటే, ఆ లెక్క మొదటిసారే సరిగ్గా వచ్చేది.

– నర్సింగ్ సూపరింటెండెంట్