టబ్బులో తాబేలు, ఇంట్లో బర్కత్?

మొన్న కడపలో చుట్టాలింటికి దావత్‌కి వెళ్లాం. వరండాలో నీళ్లు పోసిన ప్లాస్టిక్ టబ్బు, అందులో అరచేయంత నక్షత్ర తాబేలు. పిల్లలంతా దాని చుట్టూ మూగారు. "ఇంట్లో ఉంటే బర్కత్ అంటారు భాయ్, అందుకే తెచ్చా" అన్నాడు ఇంటాయన. ఎక్కణ్ణుంచి అని అడిగితే, "ఎవరో అమ్ముతుంటే కొన్నా" అన్నాడు. దస్తర్‌ఖాన్ మీద గోష్ట్ చూస్తే హలాలేనా అని అడిగే మనకు, ఆ టబ్బును చూస్తే ఏ సవాలూ రాలేదు.

ఆ బేజుబాన్ జాన్వర్ నీళ్లలో బతికేది కాదు. మన సీమలోని గడ్డి నేలల్లో, ముళ్లపొదల్లో తిరిగే మెట్ట తాబేలు అది. దాన్ని ఏరి అమ్మే ధందా పెద్దది. సూట్‌కేసుల్లో కుక్కి విదేశాలకు పంపబోతూ చెన్నై విమానాశ్రయంలో ఎన్నోసార్లు పట్టుబడ్డారు. 1972 నాటి వన్యప్రాణి ఖానూన్ ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం జుర్మ్. 2022 సవరణ దాన్ని పులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే చేర్చింది. బర్కత్ కోసం తెచ్చింది జైలుకు తోవ చూపించొచ్చు.

అలుగు సంగతీ అంతే. నజర్ తగలదని, మర్జ్ నయమవుతుందని దాని పెంకుల కోసం చంపుతారు. ఆ పెంకు మన గోరులాంటిదే, అదే కెరటిన్. అలుగు ఈతకు సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. పోయినవాటి జాగా నిండేది ఎప్పటికి?

పక్షుల సాలిం అలీ సాహెబ్ కథ మన పిల్లలకు తప్పక చెప్పాలి. బొంబాయిలో చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. మెడ మీద పసుపు మచ్చ చూసి, ముసల్మాన్ తినొచ్చా అని షక్ వచ్చి మామూకి చూపించాడు. మామూ ఆ కుర్రాణ్ణి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. తినొచ్చా అన్న సవాలుతో వెళ్లినవాడు ఉమర్ అంతా పక్షుల మధ్యే గడిపాడు.

1900 తర్వాత జాడలేక, ఇక లేదనుకున్న కలివికోడిని 1986లో మన కడప జిల్లా చిట్టడవిలో మళ్లీ కనుగొన్నది ఆ సొసైటీవాళ్లే. దారి చూపింది ఊరి మనుషులు. తర్వాత తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదలనే దెబ్బతీసింది.

"కాలువలు తవ్వేవాళ్లను వదిలి మా తాబేలు మీద పడతారేం?" అంటారు కొందరు. సవాల్ సహీ. కాలువ గురించి హుకూమత్‌ను అడగాల్సిందే. కానీ కాలువ మన చేతిలో లేదు, టబ్బు మన వరండాలోనే ఉంది. కొనేవాడు లేకపోతే పట్టేవాడికి పని ఉండదు. ఈ మఖ్లూఖ్ మన దగ్గర అమానత్. అమానత్‌ను ఖరీదు చేసి బర్కత్ ఆశించడం ఏం ఇన్సాఫ్?

ఒకవేళ మీ ఇంట్లో ఉంటే, మీకు మీరే తీసుకెళ్లి ఏదో గుట్టలో వదలొద్దు. దాని రోగం అక్కడి తాబేళ్లకు అంటుకోవచ్చు. అటవీ శాఖవాళ్లకు అప్పగించండి.

దావత్ అయ్యాక అందరి ముందు ఆయన్ని షర్మిందా చేయలేదు. పక్కకు పిలిచి చెప్పాను. "పిల్లలు ఏడుస్తారు భాయ్" అన్నాడు. ఏడిస్తే సాలిం అలీ కథ చెప్పమన్నాను. అటవీ శాఖ ఆఫీసుకు తోడు వస్తానని కూడా చెప్పాను. ఆయన ఫోన్ కోసం చూస్తున్నాను.