పొత్తునకు పొలిమేర

గుణదల విద్యుత్ సౌధ ప్రసక్తి వచ్చినపుడు మనకు తీగెలు, ట్రాన్స్‌ఫార్మర్లు తోచునే గాని కంప్యూటర్లు తోచవు. అయినను 2019 వేసవిలో తెలంగాణ, ఆంధ్ర విద్యుత్ పంపిణీ సంస్థలపై రాన్సమ్‌వేర్ దాడి జరిగి వెబ్‌సైట్లు స్తంభించినపుడు, ఇంట దీపము వెలుగుచుండగనే బిల్లు చెల్లించు దారి మూసికొనిపోయినది. అంతకు రెండేండ్లు ముందు, 2017 మే నెలలో, వానాక్రై అను రాన్సమ్‌వేర్ ప్రపంచమంతట చెలరేగి, మన కృష్ణా, గుంటూరు జిల్లాలతో సహా పలుచోట్ల పోలీసు కార్యాలయముల కంప్యూటర్లను పట్టుకొన్నది. ఈ దొంగ సొత్తును ఎత్తుకొనిపోనక్కరలేదు. ఉన్నచోటనే ఎన్‌క్రిప్షన్‌తో బిగించి, తాళంచెవికి వెల చెప్పును.

ఇట్లు బిగిసిన సమాచారమును విడిపించుట తరచుగా ఒక్క కంపెనీకి సాధ్యమగు పని కాదు. దొంగ వ్రాసిన ప్రోగ్రాములో లోపము దొరకవలెను, లేదా పోలీసులు వాని సర్వరును స్వాధీనపరచుకొనవలెను. ఒకరికి చిక్కిన ఆధారము మరియొకరికి చేరవలెను. వానాక్రై విషయమున ఆడ్రియన్ గినే అను ఫ్రెంచి పరిశోధకుడు, తాళంచెవిని పుట్టించిన ప్రధానసంఖ్యలు కంప్యూటరును ఆపి మరల వేయనంతవరకు దాని మెమరీలో మిగిలియుండవచ్చునని కనిపెట్టగా, బెంజమిన్ డెల్పీ ఆ ఉపాయమును మరికొన్ని విండోస్ రకములకు విస్తరింపజేసెను. 2016 జూలైలో డచ్చి పోలీసులు, యూరోపోల్, కాస్పర్‌స్కీ, ఇంటెల్ సెక్యూరిటీ కలిసి స్థాపించిన ‘నో మోర్ రాన్సమ్’ ఈ సహకారమునకు వ్యవస్థారూపమిచ్చినది. అంగడిలో ప్రత్యర్థులైన కంపెనీలు అక్కడ విమోచన సాధనములను ఉచితముగా అందించుచున్నవి.

ఇక్కడనే కంపెనీ న్యాయవాది అడ్డుతగులును. ఆయన భయము నిరాధారము కాదు. 2002 నాటి పోటీ చట్టము ప్రకారము ప్రత్యర్థుల నడుమ కుదిరినది నోటిమాటయైనను ఒప్పందమే. అది ధరలనో, సరఫరానో, సాంకేతికాభివృద్ధినో కట్టడిచేసినచో పోటీకి హాని కలిగినట్లే మొదట భావింపబడును. 2012లో కాంపిటీషన్ కమిషన్ 11 సిమెంటు కంపెనీలపై 6,000 కోట్ల రూపాయలకు మించిన జరిమానా విధించినపుడు, వారి సంఘపు సమావేశములు సైతము విచారణకు విషయమైనవి. ఆ వివాదము అప్పీళ్లకెక్కినది. బస్తాలు లెక్కపెట్టుకొని ఇల్లు కట్టుకొన్న మధ్యతరగతి గృహస్థునకు కుమ్మక్కు భారము వేరుగ వివరింప నక్కరలేదు.

అయినను, కుమ్మక్కును పట్టుటకు పుట్టిన చట్టము దొంగకు రక్షాకవచము కారాదు. అమెరికాలో 2014 ఏప్రిల్‌లో న్యాయశాఖయు, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌యు కలిసి, సక్రమముగా రూపొందించిన సైబర్ ప్రమాద సమాచార వినిమయము పోటీ చట్టమునకు సాధారణముగా విరుద్ధము కాదని బహిరంగముగా ప్రకటించినవి. మన కమిషన్ అట్టి మాట స్పష్టముగా చెప్పుటకు జంకవలసిన పనిలేదు.

కాని ఇదే సహకారమునకు రెండవ ముఖము కలదు. 1996లో, ఎన్‌క్రిప్షన్ సరకుల ఎగుమతికి సడలింపు కావలెనన్నచో, తాళంచెవిని తిరిగి రాబట్టు ఏర్పాటునకు, అనగా మారుచెవికి, పూనుకొనవలెనని అమెరికా ప్రభుత్వము షరతు విధించగా, ఐబీఎం నాయకత్వమున పలు కంపెనీలు ‘కీ రికవరీ అలయన్స్’గా ఏర్పడినవి. మరుసటి యేడు 11 మంది నిపుణులు అట్టి ఏర్పాటు ఎంత వ్యయసాధ్యమో, ఎంత ప్రమాదకరమో ఒక నివేదికలో నిరూపించిరి. నా దృష్టిలో అసలు చిక్కు అంతకంటె సూక్ష్మమైనది: బాధితుని తాళము తెరచుటకు ప్రత్యర్థులు కలియుట వేరు, మారుచెవి లేని తాళమును ఎవరును అమ్మగూడదని తాళములు చేయువారందరు ముందుగనే ఒడబడుట వేరు. రెండవదానియందు కొనువాని యెంపిక నశించును. దానికి ప్రభుత్వపు ఆశీస్సు ఉన్నంత మాత్రమున దోషము తొలగదు.

ప్రజాహితము పేర కొన్ని తరగతుల సంస్థలను చట్టమునుండి మినహాయించు అధికారము 54వ సెక్షన్ క్రింద కేంద్రమునకు కలదు. ఈ విషయమున దానిని వాడుట నాకు సమ్మతము కాదు. దాడి ఆనవాళ్లు, విమోచన సాధనములు పంచుకొనుటకు అభ్యంతరము లేదనియు, విమోచన సేవల ధరలు, ఖాతాదారుల జాబితాలు, భావి సరకుల నమూనాలు ఆ బల్లపైకి రాగూడదనియు కమిషన్ వ్రాతపూర్వకముగా తెలిపిన చాలును. విద్యుత్ సంస్థలు మాత్రము అందాక ఆగనక్కరలేదు: ఎన్‌క్రిప్షన్ సరకులకై రానున్న టెండరులోనే మారుచెవి ఎవరి వద్ద నుండునో తెలిపి, దానిని సంస్థ అనుమతి లేక ఎవరును వాడజాలరని షరతుగా వ్రాసికొనవచ్చును.