సాయం అడిగినవాళ్లకే సున్నం

సైబర్ మోసం వార్త పేపర్లో పడ్డప్పుడల్లా ఎవరో ఒకరు మా కొట్టు ముందు నిలబడి, "అత్యాశకు పోతే అంతేనయ్యా" అనేసి పోతుంటారు. అంగలకుదురులో సెల్‌ఫోన్లు బాగుచేసి బతికేవాణ్ణి. ఆ మాట నాకు గిట్టదు. లాటరీ తగిలిందన్న మెసేజ్‌కి పడిపోయినవాళ్లను అంటే అనండి, పోనీ. కస్టమర్ కేర్ పేరు చెప్పి దోచేవాడికి దొరికేది ఆశపోతులు కాదు. రీచార్జికి డబ్బు కట్టయి బ్యాలెన్సు పడనివాళ్లు, గ్యాస్ బుక్కవక తిప్పలు పడేవాళ్లు, కొన్న వస్తువు వెనక్కిచ్చి డబ్బు కోసం చూసేవాళ్లు. వాళ్లడిగేది వాళ్ల సొమ్మే.

ఒక బాబాయి సంగతి చెబుతాను. మినుముకు మందు కొని, తెనాలి కొట్టుకు ఫోన్లోంచి డబ్బు పంపాడు. ఈయన ఖాతాలోంచి పోయింది, కొట్టాయనకు చేరలేదు. గూగుల్లో కస్టమర్ కేర్ నంబరు వెతికి, పైన కనిపించిన దానికి కొట్టాడు. అవతల కుర్రాడికి ఎంత మర్యాదో! "కంగారు పడకండి నాన్నగారూ, నేనున్నాగా" అన్నాడట. ఒక యాప్ ఎక్కించమన్నాడు. తెర మీద పడ్డ అంకెలు చదివి చెప్పమన్నాడు. 'స్టార్ట్ నౌ' అన్నచోట నొక్కమన్నాడు. ఆ మాట పైనే, నీ తెర మీద కనిపించేదంతా ఈ యాప్‌కు కనిపిస్తుందని ఫోన్ హెచ్చరిస్తుంది. కానీ ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. నొక్కిన క్షణం నుంచి పైనుంచి జారే ఓటీపీ మెసేజ్ ఈయనతో పాటు వాడూ చదువుతున్నాడు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. బాబాయి ఎవరికీ ఫోన్ చెయ్యకుండా ఊరుకున్నా ఆ మందుల డబ్బు తిరిగొచ్చేది. యూపీఐలో డబ్బు పోయి అవతలివాళ్లకు చేరకపోతే, మనిషికి పంపినదైతే మర్నాటికల్లా, కొట్టుకు కట్టినదైతే 5 రోజుల్లోగా దానంతట అదే వెనక్కి పడాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులోనే ఆదేశించింది. ఈ ముక్క తెలుగులో ఏ బ్యాంకు గోడ మీదన్నా రాసి ఉండగా చూశారా? నేను చూడలేదు. ఇలాంటి యాప్ ఎక్కించుకుంటే ఖాతా ఖాళీ అవుతుందని కూడా అదే ఏడాది ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులను హెచ్చరించింది. ఆ హెచ్చరిక మా వీధి దాకా రాలేదు.

తెలియని నంబర్ల నుంచి వచ్చే ఫోన్లు నమ్మొద్దని ఊదరగొడుతున్నారు. మంచిదే. కానీ ఇక్కడ ముందు ఫోన్ చేసింది మనవాళ్లే కదా! బ్యాంకుకు వెళ్తే "యాప్‌లో చూసుకోండి" అంటారు. యాప్‌లో మాట్లాడే మనిషి ఎక్కడున్నాడో నాకే ఓ పట్టాన దొరకదు. వాళ్లు ఖాళీ చేసిన కుర్చీలో దొంగ వచ్చి కూర్చున్నాడు, అంతే. ప్రతి బ్రాంచిలో ఫోన్ కష్టాలు వినడానికి ఒక మనిషిని పెట్టాలి. పాస్‌బుక్ మొదటి పేజీలో అసలు నంబరు పెద్దక్షరాల్లో తెలుగులో అచ్చు వెయ్యాలి. దీనికి కోట్లేమీ అక్కర్లేదు.

ఈ దందాకు రెండో కొస కూడా మన రాష్ట్రంలోనే ఉంది. 2025 మే నెలలో అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో అపార్ట్‌మెంట్లలో నడుస్తున్న దొంగ కాల్ సెంటర్‌ను పోలీసులు పట్టుకుని 30 మందికి పైగా అరెస్టు చేశారు. అక్కణ్ణుంచి ఫోన్లు వెళ్లింది అమెరికావాళ్లకు. ఆ దేశంలో కంప్యూటర్ సాయం పేరిట చేసే టెక్ సపోర్టు మోసాల్లో 2024 ఒక్క ఏడాదే 146 కోట్ల డాలర్లు పోయినట్టు ఎఫ్‌బీఐ లెక్క. మనుమల్ని చూసుకోవడానికి మా ఊరి నుంచి అక్కడికి వెళ్లే పిన్నులూ బాబాయిలూ తక్కువేం కాదు. పిల్లలు ఆఫీసుకు పోయాక కంప్యూటర్ తెర ఎర్రబడి, కుయ్యిమని మోగి, 'మైక్రోసాఫ్ట్‌కు ఫోన్ చెయ్యండి' అని నంబరు చూపిస్తే హడలిపోకండి. తమ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదని మైక్రోసాఫ్టే చెబుతోంది. మీట నొక్కి కంప్యూటర్ ఆపేసి, పిల్లలు వచ్చేదాకా దాని జోలికి పోవద్దు.

బ్యాంకు కార్డు వెనక ఉన్న నంబరు తప్ప గూగుల్లో దొరికినది నమ్మకండి. యూపీఐ ఫిర్యాదు ఆ యాప్ లోపలే, డబ్బు పోయిన లావాదేవీ మీద నొక్కి చెయ్యొచ్చు. అలా చెయ్యడం రాకపోతే ఇంట్లో పిల్లల్ని అడగండి. డబ్బు వెనక్కి రావాలంటే ముందు పది రూపాయలు పంపమన్నవాడు, పిన్ కొట్టమన్నవాడు దొంగే. డబ్బు రావడానికి పిన్‌తో పనిలేదు.

అప్పటికే యాప్ ఎక్కించేసి ఉంటే నెట్ ఆపెయ్యండి. వేరే ఫోన్ తీసుకుని సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెయ్యండి, వెంటనే బ్యాంకుకూ చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోండి. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, మన పొరపాటు వల్లే పోయినా సరే, బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకు భరించాల్సిందే. పరువు పోతుందని రాత్రంతా దాచుకుంటే, ఆలోగా పోయిన డబ్బుకు ఆ హక్కు ఉండదు. మా కొట్టుకు ఆ తర్వాత రండి, యాప్ తీసేసి పంపిస్తాను.