రంగు వేస్తే బలం రాదు

పోస్టు కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మన సంఘం భవనం మేడ మీద సోలార్ హీటర్ల పక్కనుంచి నీళ్ల ట్యాంకు దాకా ఎఫ్ఆర్‌పీ జాలీ నడవ ఉంది కదా. పాతబడి వెలిసిపోయింది కాబట్టి రంగు వేయించి ఉగాదికి సిద్ధం చేస్తామని కార్యవర్గం తీర్మానించింది. మేం కొందరం వద్దన్నాం. "ప్లాస్టిక్కు తుప్పు పడుతుందా? అయినా ఇది బెంగళూరు, రెంటచింతల కాదు" అని గ్రూపులో నవ్వారు. ఆ రెండు మాటలకూ జవాబు ఇది.

తుప్పు పట్టదు, నిజమే. కానీ ఎఫ్ఆర్‌పీ ఒట్టి ప్లాస్టిక్ కాదు. గాజు నారను రెసిన్‌లో తడిపి గట్టిపరచిన సరుకు. బరువు మోసేది నార. ఆ నారను కదలకుండా పట్టి ఉంచి, ఒక పోగు మీద పడ్డ భారాన్ని పక్క పోగుకు అందించేది రెసిన్. వేడి దెబ్బ తీసేది ఈ రెసిన్‌నే. ఏళ్ల తరబడి వేడీ గాలీ తగిలితే అది పెళుసెక్కుతుంది, కుంచించుకుపోతుంది, కంటికి ఆనని బీటలిస్తుంది, నార మీద పట్టు వదిలేస్తుంది. అసలు మోసం ఇక్కడుంది: పోగుల వెంబడి లాగి చూస్తే, నార పుణ్యమా అని పాత ముక్క కూడా బాగానే నిలబడొచ్చు. వంచితే, నొక్కితే, పొరలు ఒకదాని మీద ఒకటి జారేలా ఒత్తితే గుట్టు బయటపడుతుంది. జాలీ మీద మనిషి నిలబడితే అది వంగుతుంది. దాన్ని ఎవరూ లాగరు.

ఇంకో తమాషా ఏమిటంటే, తయారీలో పూర్తిగా గట్టిపడని రెసిన్‌కు మొదట్లో వేడి మేలే చేస్తుంది. మిగిలిన గట్టిపడటం పూర్తయి బలం కొంచెం పెరుగుతుంది కూడా. అందుకే "రెండేళ్లకు చూశాం, రాయిలా ఉంది" అన్న మాట పదో ఏటికి పనికిరాదు.

ఇక చల్లటి ఊరు సంగతి. 2016 ఏప్రిల్‌లో ఇదే ఊళ్లో 39.2 డిగ్రీలు నమోదైంది. అది నీడలో గాలి వేడి. ఎండలో ముదురు రంగు వస్తువు అంతకంటే 20, 30 డిగ్రీలు ఎక్కువ కాగడం మామూలే. చవక రకం పాలియెస్టర్ రెసిన్లు చాలావరకు 60–80 డిగ్రీల మధ్యే మెత్తబడటం మొదలుపెడతాయి. 900 మీటర్ల ఎత్తున ఉన్నాం కాబట్టి గాలి చల్లగా ఉంటుందేమో గానీ, అతినీలలోహిత కిరణాలు తగ్గవు. ఎత్తుకు పోయిన కొద్దీ పెరుగుతాయి.

అరుగుదల గురించి మన ప్లంబర్‌ని అడగండి. "ఆ జాలీ పట్టుకుంటే చేతులు దురద సార్" అని పోయినేడు నుంచి మొత్తుకుంటున్నాడు. అది గాజు నూగు. పై రెసిన్ పొడిగా రాలిపోయి నార బయటపడింది. విరిగిన గాజు పోగులు చెప్పుల కింద ఎమరీ పేపర్‌లా మిగతా రెసిన్‌నీ గీకేస్తాయి. జారకుండా పైన అద్దిన ఇసుక గరుకు ట్యాంకు మలుపు దగ్గర ఎప్పుడో పోయింది. దాని మీద ఎనామిల్ వేస్తే వాన రోజున జారుడుబండే. పైన పటారం, లోన లొటారం. కొత్త జాలీకి పూత మంచిదే, ఎండ నుంచి కాపాడుతుంది. చచ్చిన రెసిన్‌ను మాత్రం బతికించదు.

ఇదే ఊళ్లో తేజస్ తయారవుతోంది. దాని నిర్మాణంలో బరువు ప్రకారం దాదాపు 45 శాతం కాంపోజిట్లే. మన జాలీకీ ఆ కార్బన్ నార సరుకుకూ పోలికే లేదు. అయినా విమానాలు కట్టేవాళ్లు ఆ సరుకుకు తేమ పట్టించి, వేడిలో ఉంచి, అప్పుడు మిగిలిన బలాన్ని కొలిచి లెక్క వేసుకుంటారు. కొత్త ముక్క బలాన్ని నమ్ముకోరు. అలాంటి చోట పనిచేసి రిటైరైన పెద్దలు మనలోనే ఉన్నారు. గ్రూపులో వాళ్లు నోరు విప్పకపోవడమే మాకు ఎక్కువ బాధ.

జాలీ వేసిన రోజు మిగిలిన రెండు ముక్కలు స్టోర్‌రూంలో కుర్చీల వెనక ఎండ ఎరగకుండా పడి ఉన్నాయి. ట్యాంకు దగ్గర ఒక ముక్క కోసి, పాతదీ కొత్తదీ కలిపి పీణ్యలో ఏదైనా ల్యాబులో వంపు పరీక్ష చేయిద్దాం. తేడా కాగితం మీద కనబడుతుంది. తేడా లేదని తేలితే రంగు డబ్బాలు మేమే కొనిస్తాం.

అంతవరకు ఎవరినీ ఆ జాలీ ఎక్కించొద్దు. ఈ ఆదివారం ట్యాంకు కడిగే రోజు. మేం పొద్దున్నే వచ్చి మెట్ల దగ్గర ఉంటాం.